లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో తలుపు పక్క బెంచీ

1996వ సంవత్సరం. అప్పుడు నేను ఢిల్లీకి తూర్పున ఉన్న ఒక కార్ షెడ్‌లో చార్జ్‌మన్‌గా, అంటే ఒక సెక్షన్ పని చూసే కింది స్థాయి ఇంజనీరుగా, పనిచేస్తున్నాను. కార్ షెడ్ అంటే లోకల్ ఎలక్ట్రిక్ బండ్లను పరీక్షించి, రిపేరు చేసి, మళ్ళీ లైను మీదికి పంపే చోటు. మోటార్లు, కరెంటు సంగతి వేరే సెక్షన్ల వాళ్ళు చూసేవారు. నాది బాడీ సెక్షన్. సీట్లు, తలుపులు, కిటికీలు, పట్టుకునే కడ్డీలు మా పని. మా సెక్షన్ మిస్త్రీ యామీన్ మాటల్లో చెప్పాలంటే, "ప్యాసింజర్ ఒంటికి తగిలేదంతా మనది సాబ్, తగలకూడనిదంతా వాళ్ళది."

బయటివారికి లోకల్ బండ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. సీట్ల అమరికను బట్టి మా దగ్గర రెండు రకాల పెట్టెలు ఉండేవి. పాత పెట్టెల్లో, ముఖ్యంగా లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో, కిటికీల కింద గోడ పొడవునా బెంచీలు ఉండేవి. కూర్చున్నవారి వీపు కిటికీకి, ముఖం ఎదుటి గోడకి. మధ్యంతా ఖాళీ. దీన్ని షెడ్‌లో లంబీ బెంచ్ అనేవాళ్ళం. కొత్త పెట్టెల్లో మామూలు రైలులో లాగా అడ్డంగా ఎదురెదురు సీట్లు, నడవకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. అది క్రాస్ సీట్. మొదటి రకంలో కూర్చునేవారు తక్కువ, నిలబడేవారు ఎక్కువ, ఎక్కడం దిగడం తేలిక. రెండో రకంలో కూర్చునేవారు ఎక్కువ, నడవ ఇరుకు.

ఆ ఏడాది వేసవిలో, కూర్చోవడానికి చోటు చాలడం లేదని రోజూ ప్రయాణించే ఆడవాళ్ళు సంతకాలు చేసి అర్జీ పెట్టారు. పాత పెట్టెల్లోని లేడీస్ కంపార్ట్‌మెంట్లను క్రాస్ సీట్‌కి మార్చమని మాకు ఉత్తర్వు వచ్చింది. డ్రాయింగు గీసే పని నాది. బండి కింద మనిషి నిలబడి పనిచేయడానికి గొయ్యి ఉండే లైనును పిట్ లైన్ అంటారు. ఒక పాత పెట్టెను పిట్ లైన్ మీద నిలబెట్టించి, మనిషికి పద్దెనిమిది అంగుళాల లెక్కన టేపుతో కొలిచాను. మారిస్తే కంపార్ట్‌మెంటుకి పద్నాలుగు సీట్లు పెరుగుతాయని తేలింది. ఆ రోజు డైరీలో "పద్నాలుగు" అని రాసి కింద గీత గీశాను. ఇంజనీరుకు అలాంటి సంఖ్య రోజూ దొరకదు. వర్షాకాలం పూర్తయ్యేసరికి మా ఆరు రేకుల్లోనూ పని ముగించాం. రేక్ అంటే ఒకదానికొకటి తగిలించి కలిపి నడిపే పెట్టెల వరుస. పీకేసిన బెంచీలను స్టోరు వెనక పేర్పించాను.

నవంబరులో ఒక ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన హిందీ, రెండే వాక్యాలు. లేడీస్ డబ్బాలో తలుపు పక్క బెంచీ తీసేశారు. దయచేసి తిరిగి పెట్టండి. కారణం రాయలేదు. కొత్తది రాగానే పాతది కావాలనేవారు ఎప్పుడూ కొందరుంటారు. ప్రయాణికుల సౌకర్యార్థం సీట్లు పెంచడమైనదని అచ్చు ఫారం మీద జవాబు రాసి సంతకం పెట్టాను.

పది రోజులకు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి తెలుగులో. పెద్దయ్యాక నేర్చుకున్నవారి అక్షరాల్లా గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయి. "సంతకం చూసి తెలుగువారనుకొని రాస్తున్నాను. సీట్లు పెరిగాయి, నిజమే. నాది పోయింది." కింద సుగుణ అని పేరు, ఘాజియాబాద్‌లో ఒక వీధి చిరునామా. శనివారం నాడు షెడ్‌కి రాగలిగితే మాట్లాడదామని కార్డు రాశాను.

శనివారం యామీన్ మిస్త్రీ గేటు నుంచి ఆమెను వెంటబెట్టుకొని వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయి. కుడి కాలు కర్రలా తిన్నగా ఉంది. నడిచేటప్పుడు దాన్ని పక్కనుంచి తిప్పి ముందు వేస్తోంది. చిన్నప్పుడు మోకాలికి జబ్బు చేస్తే ఆపరేషన్ చేశారట. ప్రాణానికి ముప్పు తప్పింది కానీ మోకాలు ఇక మడతపడలేదు.

"నమస్తే అంకుల్. తెలుగు అంతా అర్థమవుద్ది. మాట్లాడితే మధ్యలో హిందీ వచ్చేస్తది, ఏమనుకోకండి" అంది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీకి వచ్చి స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది ఇక్కడే. తిలక్ బ్రిడ్జి దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి ఏడు నెలలైంది.

"పాత బెంచీ చివర, తలుపు పక్క పార్టిషన్ గోడ ఉంటాది కదా అంకుల్. ఆ మూల కూర్చుంటే నా కాలు పార్టిషన్ వెంట తిన్నగా పెట్టుకోవచ్చు. ఎవరికీ అడ్డం రాదు, ఎవరూ తొక్కరు. లేడీస్ అందరికీ తెలుసు, ఆ మూల నాదని వదిలేసేవారు. ఇప్పుడు మూలే లేదు."

"అడ్డసీటులో నడవ వైపు కూర్చొని కాలు బయటికి చాపుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"చాపి చూశాను. మీరు కూడా చూస్తారా?"

నేను ఆమె మాటను సవాలుగా తీసుకోలేదు, కొలతగా తీసుకున్నాను. యామీన్ ఒక ప్లైవుడ్ బద్ద తెచ్చి, తొడ నుంచి మడమ దాకా నా కుడి కాలికి పంచెగుడ్డ ముక్కతో బిగించి కట్టాడు. కడుతూ, "సాబ్, గట్టిగా ఉందా? రిటైరయ్యేదాకా ఊడదు" అన్నాడు. పిట్ లైన్ మీదున్న పెట్టె ఎక్కి, క్రాస్ సీట్‌లో నడవ వైపు కూర్చొని కాలు చాపాను. ఇబ్బంది ఏమీ అనిపించలేదు.

"వీలవుతోందమ్మా" అన్నాను.

ఆమె చుట్టూ చూసింది. "ఖాళీ బండిలో నాకూ వీలవుద్ది అంకుల్. పొద్దున ఎనిమిదింటి బండిలో కూర్చోండి."

వెళ్ళేముందు అసలు సంగతి చెప్పింది. రెండు నెలల నుంచి నిలబడి వెళ్తోంది. బరువంతా ఎడమ కాలి మీద పడి ఆ మోకాలు వాస్తోంది. పోయిన నెలలో నాలుగు రోజులు ఆఫీసుకి పోలేకపోయింది. మార్చి నెలాఖరు దాకా ప్రొబేషన్. ఇంకా ఇలాగే సెలవులు పెడితే కన్ఫర్మ్ చేయలేమని సూపర్వైజర్ కాగితం ఇచ్చింది. బస్సు మెట్టు ఎత్తు, ఎక్కలేకపోతోంది. "అన్నయ్య అయితే ఇంట్లో కూర్చో అంటాడు" అంది. "ఇంట్లో మాత్రం సీటుకేం లోటు లేదు."

లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో మగవాడు ఎక్కడం నేరం. రద్దీ పరిశీలన అని కాగితం రాసి మా అసిస్టెంట్ ఇంజనీరు సంతకం తీసుకొని, ఆ వారంలోనే ఒక ఉదయం ఘాజియాబాద్‌లో ఎక్కాను, కాలికి బద్ద కట్టుకొనే. సుగుణ ముందే చెప్పి ఉంచినా, ఎదుటి సీట్లో ఉన్న కాంతా అనే బడిపంతులమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అరే భాయీసాబ్, లేడీస్‌లోకి దూరడానికి చాలామంది చాలా వేషాలు వేస్తారు. కాలికి కట్టె కట్టుకొచ్చింది మీరొక్కరే" అంది. చుట్టూ నవ్వులు.

"డ్యూటీ మీద వచ్చానమ్మా" అన్నాను.

"అచ్ఛా? కట్టె కూడా గవర్నమెంటుదేనా?"

నడవ వైపు కూర్చొని కాలు చాపాను. సాహిబాబాద్ వచ్చేసరికి నడవ నిండిపోయింది. మూడుసార్లు నా కాలు తొక్కారు. నాలుగోసారి ఒకావిడ టిఫిన్ సంచీతో సహా దాని మీద తూలి, "టాంగ్ సమేటో భాయీసాబ్! కాలు ముడుచుకో, ఇది నీ ఇంటి మంచమా?" అని కేకలేసింది. కిటికీ వైపు జరిగి, కాలు ఎదుటి సీటు కిందికి పోనివ్వబోయాను. సీటు కింద అడ్డంగా ఇనుప యాంగిల్ ఉంది. సీటు ఊగకుండా నేనే డ్రాయింగులో వేయించినది. మడమ దానికి తగిలి ఆగిపోయింది. నడుము సీటు అంచున పెట్టి, వీపు వెనక్కి వాల్చి, సగం పడుకున్నట్టు ఉండాల్సి వచ్చింది. ఆనంద్ విహార్ దాటాక ఇక ఓపలేక లేచి నిలబడ్డాను. గడియారం చూశాను. నేను కూర్చున్నది ఇరవై రెండు నిమిషాలు.

సుగుణ మొదటినుంచీ తలుపు దగ్గర కడ్డీ పట్టుకొని ఒంటికాలి మీద బరువు వేసి నిలబడే ఉంది. యమున వంతెన మీద సిగ్నల్ లేక బండి తొమ్మిది నిమిషాలు ఆగింది. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆమె కడ్డీ మీద చేతులు మార్చుకోవడం ఏడుసార్లు చూశాను.

"ఇవాళ మీరున్నారని సిగ్గుపడి నిలబడింది" అని కాంత నాతో మెల్లగా చెప్పింది. "వారం నుంచి నేనే బలవంతంగా కూర్చోబెడుతున్నాను. కాలు నా ఒళ్ళో పెట్టుకుంటుంది. శాలువా కప్పేస్తాను. దాని మీద నోటుబుక్కులు పెట్టుకొని దిద్దుకుంటాను. నాకు బల్ల, దానికి సీటు."

తిలక్ బ్రిడ్జిలో ఇద్దరం దిగాం. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చొని ఆమె మోకాలు రుద్దుకుంది. నేను బద్ద విప్పుకున్నాను.

"కాంతా టీచర్ చెప్పారమ్మా. ఆవిడ మంచిది" అన్నాను.

"చాలా మంచిది అంకుల్. కానీ రోజూ నా కాలు ఇంకొకరి ఒళ్ళో పెట్టుకొని ఉద్యోగానికి ఎలా పోను? ఆవిడ రాని రోజు ఎవర్ని అడగను? నాకు కాలు పెట్టుకునే చోటు కావాలి, ఒడి కాదు."

షెడ్‌కి తిరిగొచ్చి డ్రాయింగు మళ్ళీ తీశాను. పాత పద్ధతికి పోలేం. పెరిగిన పద్నాలుగు సీట్లలో కూర్చునేవారికీ కాళ్ళున్నాయి. తలుపు పక్కనున్న ఒక జత ఎదురు సీట్లు, అంటే ఆరుగురి చోటు తీసేసి, అక్కడ గోడ వెంట ముగ్గురు పట్టే బెంచీ పెడితే పార్టిషన్ మూల తిరిగి వస్తుంది. పోయేది మూడు సీట్లు. యామీన్‌ని పిలిచి స్టోరు వెనక నుంచి ఒక బెంచీ తెప్పించాను. ఒక పెట్టెలో బిగించి, రిజిస్టరులో "ట్రయల్ ఫిటింగ్" అని నా సంతకంతో రాశాను. పై అనుమతి లేకుండా చేసిన పని నా ఉద్యోగంలో అంతకు ముందు లేదు.

సోమవారం ఆ పెట్టె ఎనిమిదింటి బండిలో వెళ్ళింది. మంగళవారం వెళ్ళలేదు. ఇది నాకు ముందే తెలిసి ఉండాలి. మా రేకులు ఒకే బండిగా రోజూ నడవవు. ఏ రేక్ ఏ రోజు ఏ బండిగా తిరగాలో చెప్పే పట్టికను లింక్ అంటారు. ఈరోజు ఎనిమిదింటి బండిగా వెళ్ళిన రేక్ రేపు మధ్యాహ్నం బండి అవుతుంది. ఆరు రేకులు వంతుల మీద తిరుగుతాయి. రోజూ ఆ లింకులు చూసేవాణ్ణే అయినా, మొదటి రోజు సంబరంలో ఆ సంగతి మరిచిపోయాను.

శనివారం సుగుణ మళ్ళీ వచ్చింది. "అంకుల్, మీ బెంచీ సోమవారం దర్శనమిచ్చింది. మళ్ళీ వచ్చే సోమవారమేనా?" అంది. నవ్వుతూనే అడిగింది కానీ చేతిలో రెండో హెచ్చరిక కాగితం ఉంది.

ఒక్క ప్రయాణికురాలికి ఒక్క మూల ఇవ్వాలంటే ఆరు రేకులూ మార్చాలి. దానికి అసిస్టెంట్ ఇంజనీరు గారి అనుమతి కావాలి. ఆయన చెడ్డవాడు కాదు. రోజుకి నలభై ఫైళ్ళు చూసే మనిషి.

"రావ్, ఒక్క మనిషి కోసం ఆరు రేకులా?" అన్నారు.

మూడు వారాలు గడువు అడిగాను. ట్రయల్ పెట్టె ఏ బండిగా వెళ్తే ఆ బండి దగ్గరికి, మా వాళ్ళలో ఎవరో ఒకరు స్టేషనులో వెళ్ళి, తలుపు పక్క మూలలో ఎవరు కూర్చున్నారో చూసి రాసుకోవాలి. సుగుణ లేని బండ్లలో మాత్రమే. మూడు వారాల్లో రాసుకున్నది ఇది: నెలలు నిండిన మనిషి. చేతికి పిండికట్టు ఉన్న అమ్మాయి. పసిబిడ్డ తల్లి రెండుసార్లు. కాళ్ళ మధ్య మూట పెట్టుకున్న ముసలామె. ఊతకర్రతో ఒక నర్సు. ఆ మూలలో గట్టి ఒంటి మనిషి కనిపించింది చాలా తక్కువ. పేజీలన్నీ అసిస్టెంట్ ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చివరిదాకా చదివారు.

"పోయేది ఎన్ని సీట్లు?"

"మూడు సార్."

"డ్రాయింగు తీసుకురా."

ఫిబ్రవరిలో డ్రాయింగు సిద్ధమయ్యాక సుగుణను పిలిచి చూపించాను. చూపించాల్సిన అవసరం ఆఫీసు పరంగా లేదు. పార్టిషన్ ఎక్కడ, బెంచీ ఎక్కడ అని వేలితో చూపిస్తే ఆమె మనసులోనే అందులో కూర్చొని చూసుకుంది. కుడి చేతిని పార్టిషన్ గీత మీద పెట్టింది.

"నాకు సరిపోయింది అంకుల్. కుడి వైపు పార్టిషన్, కుడి కాలు. మరి ఎడమ కాలు ఇలా ఉన్నవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

ఆ మూలలో కూర్చుంటే ఎడమ కాలు గుంపులోకి వస్తుంది. వాళ్ళకి కావాల్సింది ఎదుటి చివర, ఎడమ చేతి వైపు పార్టిషన్ ఉండే మూల. నాకు తట్టలేదు. కొంచెం విసుగ్గానే అడిగాను.

"అలాంటివారెవరైనా ఈ బండ్లలో వస్తున్నారామ్మా?"

"తెలీదు అంకుల్. బెంచీ పీకేటప్పుడు నేనున్నానని మీకు తెలుసా?"

పక్కనున్న యామీన్ మిస్త్రీ తల దించుకొని పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు.

మర్నాడు రెండు మూలల డ్రాయింగు పట్టుకొని మళ్ళీ వెళ్ళాను.

"ఎడమ కాలు ఎవరిది?" అన్నారు అసిస్టెంట్ ఇంజనీరు.

"తెలీదు సార్."

"కంప్లైంట్ ఉందా?"

"లేదు సార్."

"మరి?"

ఆమె నన్ను అడిగింది అడిగినట్టే చెప్పాను. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు. "మొత్తం ఆరు సీట్లు పోతాయి. నీ పద్నాలుగులో ఎనిమిదే మిగిలాయి రావ్. రాసుకో" అని సంతకం చేశారు.

బెంచీలు స్టోరు వెనక ఉండనే ఉన్నాయి కనుక పని త్వరగా సాగింది. మార్చి రెండో వారానికి ఆరో రేక్ బయటికి వెళ్ళింది. ఆ మధ్య రోజుల్లో మూల దొరకని ఉదయాలు కొన్ని ఆమె కాంత ఒడిలోనే కాలు పెట్టుకొని వెళ్ళింది. సెలవు మాత్రం పెట్టలేదు. నెలాఖరుకు ఆమెను కన్ఫర్మ్ చేశారు. ఆ సంగతి కార్డు మీద రాసింది, హిందీలో రెండు వాక్యాలు. రెండో వాక్యంలో కొత్త బెంచీ ముందు అంచు గరుగ్గా ఉందని, చున్నీ పట్టుకుంటోందని ఫిర్యాదు. అంచులు నున్నగా చేయించాను.

ఎడమ వైపు మూల కావాలని గానీ, బాగుందని గానీ, నాకు ఒక్క ఉత్తరమూ రాలేదు. దాన్ని నేను దాదాపు మరిచిపోయాను.

పెట్టెలు కొన్నేళ్ళకొకసారి పూర్తి మరమ్మతుకు వర్క్‌షాపుకు వెళ్తాయి. మా వాడుకలో పి.ఓ.హెచ్. పంపేముందు ఏమేమి అరిగిందో, విరిగిందో మేము జాబితా రాసి ఇవ్వాలి. 1999లో ఆ ఆరింటిలో మొదటి పెట్టె వంతు వచ్చింది. జాబితా రాయడానికి యామీన్, నేను ఎక్కాం. కుడి మూలలో పార్టిషన్ మీద, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున, మడమ ఆనే చోట పెయింటు పోయి లోపలి ఇనుము కనిపిస్తోంది. అది సుగుణది. ఇంకా చాలామందిది కూడా కావచ్చు.

యామీన్ అటు చివరికి వెళ్ళి వంగి చూశాడు. "సాబ్, ఇటు రండి" అన్నాడు.

ఎడమ మూల పార్టిషన్ మీద కూడా, అదే ఎత్తున, పెయింటు పోయి ఉంది. మూటలు, డబ్బాలు రాసుకున్న గీతలు నాకు తెలుసు. అవి పొడుగ్గా, అన్ని ఎత్తుల్లోనూ ఉంటాయి. ఇది ఒకే చోట, అరచేయి అంత, గుండ్రంగా ఉంది. బండి కుదుపుకి మడమ ముందుకీ వెనక్కీ కదిలితే పడే గుర్తు. ఒక్క ప్రయాణంలో పడేది కాదు. ఎవరో చాలా రోజులు అక్కడే కూర్చున్నారు. మిగిలిన అయిదు పెట్టెలు పి.ఓ.హెచ్.కి వెళ్ళేముందు కూడా చూశాను. ఎక్కువా తక్కువా అన్నిటిలోనూ ఉంది.

ఆ మనిషి ఎవరో నేను కనుక్కోలేదు. కనుక్కోవాల్సిన పని కూడా లేదు. అప్పటిదాకా నా వృత్తిలో ఫిర్యాదు లేకపోతే పని సరిగ్గా ఉందని లెక్క వేసేవాణ్ణి. సుగుణ ఉత్తరం రాసింది కనుక నాకు తెలిసింది. ఉత్తరం రాయనివాళ్ళు నెల రోజులు నిలబడి, సెలవులు పెట్టి, ఉద్యోగం మానుకొని ఇంట్లో కూర్చుంటారు. వాళ్ళు ఫైలులోకి రారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ సీటు తీయాల్సి వచ్చినా ముందు ఆ బండిలో, దాని రద్దీ వేళలోనే, ఆ సీటులో ఎవరు కూర్చుంటున్నారో వారం పాటు చూసి రాసుకున్నాకే డ్రాయింగు గీశాను.

వర్క్‌షాపు జాబితాలో ఆ రెండు మూలల ఎదుట "పెయింటు" అని రాశాను. యామీన్ నా భుజం మీదుగా చూసి, "కొత్త పెయింటు కూడా పోతుంది సాబ్" అన్నాడు.

"పోనీ" అన్నాను.